జీడితోట అమ్మాలా, అప్పు చేయాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక పల్లె. మూడెకరాల జీడితోట, చిన్న కిరాణా కొట్టు. ఏడాదికి నాలుగు లక్షలు వస్తాయి. అమ్మాయికి విశాఖలో బీటెక్ సీటు కన్వీనర్ కోటాలో వచ్చింది. ఫీజు, హాస్టల్ కలిపి ఏటా 2.1 లక్షలు. బ్యాంకులో 3 లక్షల ఎఫ్‌డీ ఉంది. మా ఆయన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెద్దామంటారు. మా అన్నయ్య ఎకరం అమ్మేయమంటాడు. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దమ్మా.

నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. మొదటి ఏడాదికి తెచ్చే రెండు లక్షలకే నెలకు 4 వేలు కట్టాలి. అమ్మాయి పట్టా తీసుకునే నాటికి ఆ ఒక్క అప్పుకే 1.92 లక్షల వడ్డీ, అసలు అలాగే ఉంటుంది. ఎకరం అమ్మితే ఆ తర్వాత జీడిపిక్కల మీద వచ్చే ఆదాయమే తగ్గిపోతుంది.

మీకు సరిపడేది విద్యారుణం. 7.5 లక్షల వరకు బ్యాంకులు పొలం కాగితాలు తాకట్టు అడగకూడదు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెడితే చాలు. ఏటా 1.5 లక్షల చొప్పున 6 లక్షలు తీసుకోండి. మొత్తం ఒకేసారి ఇవ్వరు. ఏ ఏటి ఫీజు ఆ ఏడు కాలేజీకే పంపుతారు కాబట్టి ఇచ్చినంతకే వడ్డీ పడుతుంది. మిగిలిన 60 వేలు కొట్టు మీద, పిక్కల మీద మీరు సర్దుకోగలరు.

అసలు సంగతి ఇంకోటి ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు ఉంటే, కాలేజీల ప్రమాణాలు చూసే నాక్ లేదా ఎన్‌బీఏ సంస్థల గుర్తింపు ఉన్న చోట చదివే ప్రొఫెషనల్ కోర్సుకు, చదువు కాలం, ఆ పైన ఒక ఏడాది వరకు వడ్డీని కేంద్రమే భరిస్తుంది. మీ అమ్మాయిది ర్యాంకు మీద వచ్చిన కన్వీనర్ సీటు కావడం ఇక్కడ కలిసొచ్చింది. కాలేజీకి ఆ గుర్తింపు ఉందో లేదో ముందే కనుక్కోండి. ఈ వడ్డీ రాయితీ దానంతట అదే రాదు, బ్యాంకులో అడిగి దరఖాస్తు పెట్టాలి. చదువు మధ్యలో మానేస్తే పోతుంది. తర్వాత పదేళ్లలో తీర్చాలనుకుంటే, పది శాతం వడ్డీకి నెలకు సుమారు 7,900 వాయిదా పడుతుంది. ఉద్యోగం వచ్చిన పిల్ల మోయగలిగిన బరువే.

లోను మంజూరయ్యేలోపు మొదటి ఫీజు గడువు వచ్చేస్తే? అప్పుడు బ్యాంకులో బంగారం పెట్టి కొద్ది నెలలకు తెచ్చుకోండి. అంతేగాని ఎఫ్‌డీ విరగ్గొట్టకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో మీ ప్రాంతం తోటల్ని ఏం చేసిందో నేను చెప్పాలా? కాపు మళ్లీ అందుకోవడానికి ఏళ్లు పడుతుంది. మీ వైపు కిడ్నీ జబ్బులు, వాటి ఆస్పత్రి ఖర్చుల సంగతి కూడా తెలిసిందే. ఆ 3 లక్షలూ ఆ రోజు కోసం.

ఇక అమ్మాయి. అడిగినప్పుడల్లా ఐదొందలు ఫోన్‌పే చేయడం మొదలుపెడితే ఆ లెక్క మీకూ ఉండదు, ఆమెకూ ఉండదు. ఆమె పేరు మీద ఒక ఖాతా తెరిచి ఒకటో తారీకున మూడు వేలు వేయండి. మొదటి నెల ఇరవయ్యో తేదీకే అయిపోతుంది, గాబరా పడకండి. ఆ పది రోజులు మీరు ఆగగలగాలి, కష్టమైన పని అదే. లాప్‌టాప్ కూడా చేరకముందే కొనకండి. సీనియర్లను అడిగాక కొనుక్కోవచ్చు, కోర్సుకు అవసరమైతే దాన్నీ లోనులో చేర్చుకోవచ్చు.

అప్పు ఆమె పేరు మీదే ఉంటుంది. ఎంత, ఎప్పటి నుంచి కట్టాలి అన్నది బండెక్కేలోపు కాగితం మీద రాసి చూపించండి. "నీకెందుకమ్మా, నువ్వు చదువుకో" అనకండి.

ముందుగా కావలసింది ఆదాయ ధ్రువీకరణ పత్రం. ఈ వారమే సచివాలయంలో దరఖాస్తు ఇవ్వండి. అది చేతికొచ్చాక విద్యారుణాల ప్రభుత్వ వెబ్‌సైటు విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టి, మీ ఖాతా ఉన్న బ్యాంకు మేనేజరును కలవండి.