నష్టం వేరు, హక్కుకు భంగం వేరు

న్యాయ కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌కు చదువుతుంటే ‘డామ్నమ్ సైనే ఇంజూరియా’, ‘ఇంజూరియా సైనే డామ్నో’ అనే రెండు సూత్రాలూ ప్రతిసారీ తారుమారవుతున్నాయని విజయవాడ నుంచి మీరు రాశారు. లాటిన్‌లో ‘సైనే’ అంటే లేకుండా, ‘డామ్నమ్’ అంటే నష్టం. ‘ఇంజూరియా’ను మాత్రం దయచేసి గాయం అనుకోకండి, అది చట్టం గుర్తించిన హక్కుకు కలిగే భంగం. కాబట్టి మొదటి సూత్రం హక్కుకు భంగం కలగని నష్టం, రెండోది నష్టం లేకపోయినా హక్కుకు కలిగే భంగం.

మొదటిదానికి ఉదాహరణ: బీసెంట్ రోడ్డులో మీ బట్టల కొట్టు పక్కనే ఇంకొకరు కొట్టు తెరిచి, అదే చీరను 200 రూపాయలు తగ్గించి అమ్మితే మీ బేరాలు పడిపోతాయి. అయినా పోటీ లేకుండా వ్యాపారం చేసుకునే హక్కు ఎవరికీ లేదు కనుక మీకు పరిహారం రాదు. ఇంగ్లండ్‌లో 1410 నాటి గ్లోస్టర్ గ్రామర్ స్కూల్ కేసులో జరిగింది సరిగ్గా ఇదే: పోటీ బడి రావడంతో ఫీజు 40 పెన్నీల నుంచి 12 పెన్నీలకు దిగినా, పాత బడివారి దావా నిలవలేదు.

రెండోదానికి 1703 నాటి ఆష్‌బీ వర్సెస్ వైట్ కేసు చాలు. ఓటరును ఓటు వేయనివ్వలేదు; అతడు కోరుకున్న అభ్యర్థే గెలిచినా, ఓటు హక్కుకు భంగం కలిగింది కాబట్టి అతడికి పరిహారం దక్కింది.

ఇకపై ప్రశ్న చదవగానే ‘ఎంత పోయింది?’ అని కాక, ‘ఏ హక్కు పోయింది?’ అని ముందుగా అడగండి. లాసెట్‌లోని 120 ప్రశ్నల్లో 60 న్యాయ విద్యాభిరుచి విభాగానివే కనుక, రోజూ ఒక సూత్రానికి మన ఊరి ఉదాహరణ ఒకటి సొంతంగా రాసుకోండి.