డౌన్‌టెంపో: మంద్రమా, విలంబితమా?

సందేహం: ఫ్రెంచి జంట ఎయిర్ 1998లో తెచ్చిన ‘మూన్ సఫారీ’ని పరిచయం చేస్తూ ‘మంద్ర లయలో సాగే, సేదతీరే ఆల్బమ్’ అని రాశాను. ‘మంద్ర లయ’ తప్పని నా స్నేహితురాలు అంటోంది. నెమ్మది నడకతో సాగే ఇలాంటి ఎలక్ట్రానిక్ సంగీతాన్ని డౌన్‌టెంపో అంటారు కదా, దానికి తెలుగులో ఏ మాట వాడాలి?

సమాధానం: మీ స్నేహితురాలిదే సరైన మాట. మంద్ర, మధ్య, తార అన్నవి స్థాయిలు, అంటే స్వరం ఎంత కింద, ఎంత ఎత్తున పలుకుతుందో చెప్పేవి. విలంబిత, మధ్య, ద్రుత అన్నవి లయలు, అంటే నడక ఎంత నెమ్మదో, ఎంత వేగమో చెప్పేవి. ఆ ఆల్బమ్ మొదట్లో ఏడు నిమిషాలు సాగే వాద్యరచననే వినండి. దాన్ని నడిపించే బేస్ గిటార్ మంద్రంలో ఉంటుంది, సింథసైజర్ దానిమీద ఎత్తున తేలుతుంది, లయ మాత్రం రెంటికీ ఒకటే. ‘మంద’ అనే మాటకు క్రావడి తగిలించి ‘గాలి మంద్రంగా వీచింది’ అని రాసేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. గాలి మందంగా వీస్తుంది, గొంతు మంద్రంగా పలుకుతుంది. రాసేముందు ఒక్కసారి నిఘంటువు తెరిస్తే తెలిసే తేడా ఇది.

ఈ రెండూ కలగలిసిపోవడానికి యంత్రం కూడా కొంత కారణం. నిమిషానికి 45 చుట్లు తిరగాల్సిన రికార్డును 33⅓లో పెడితే లయ నాలుగింట మూడు వంతులకు పడిపోతుంది. దాంతోపాటే శ్రుతి అయిదు స్వరస్థానాలు దిగి, షడ్జం (స) ఉండాల్సిన చోట మంద్ర పంచమం (కింది ప) పలుకుతుంది. కంప్యూటర్‌లోనైతే శ్రుతి కదలకుండా లయ ఒక్కటే తగ్గించుకోవచ్చు.

ఇక విలంబితం. దీని మూలం ‘లంబ్’ ధాతువు, అర్థం వేలాడడం. గోడ నిటారుగా లేచిందో లేదో చూడడానికి తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి వదులుతాడే, ఆ దారం నిలిచే తీరే లంబం. ఆలంబన, అవలంబించడం, లంబోదరుడు అన్నీ ఈ కొమ్మలే. 2018 ఉగాదికి వచ్చిన విలంబి సంవత్సరమూ ఇందులోదే. కాబట్టి విలంబాన్ని ఉత్త ఆలస్యమనుకుంటే దాని అందం పోతుంది. స్వరం వెంటనే రాలిపోకుండా వేలాడుతూ నిలవడమే విలంబం.

ఆ నిలవడం ఎలా ఉంటుందో తెలియాలంటే క్షేత్రయ్య పదం వినాలి. ఆయన పదాల్లో చాలావాటికి త్రిపుట తాళం, చౌకకాలం, అంటే నెమ్మది నడక. నాయిక పలికే చిన్నమాట ఒకటి పల్లవిలో మళ్లీమళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అదే మాట ఒకసారి నిష్ఠూరం, ఒకసారి బతిమాలడం, ఒకసారి జ్ఞాపకం. అభినయించే ఆవిడకు ఆ తేడాలన్నీ కళ్లలో చూపడానికి వ్యవధి కావాలి. లయ పెంచితే సాహిత్యం మిగులుతుంది, మువ్వగోపాలుడి మీది అలక మాత్రం పోతుంది.

డౌన్‌టెంపో హాయి కూడా ఆ వ్యవధిలోనే ఉంది. నిమిషానికి 125 దెబ్బలు పడే నృత్యసంగీతంలో దెబ్బకూ దెబ్బకూ నడుమ అరసెకను కూడా ఉండదు. 80 దగ్గర అది ముప్పాతిక సెకను. ఎలక్ట్రిక్ పియానో మీట నొక్కాక దాని మోత సన్నగిల్లడం చెవికి అందుతుంది. లెక్క చూసుకోవాలంటే 15 సెకన్లలో పడే దెబ్బల్ని నాలుగుతో హెచ్చవేయండి. సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి 80ని 160గా చూపిస్తుంది, నడుమ పడే చిన్న తాళాల చప్పుళ్లను కూడా దెబ్బలుగా లెక్కేసి.

టెంపో ఇటాలియన్ మాట, లాటిన్‌లో దాని మూలానికి అర్థం కాలం. మనవాళ్లు అన్నదీ కాలమే. ఆ లెక్కన ‘చౌకకాలం’ అన్నిటికన్నా దగ్గరి మాట. అయితే ‘చౌక సంగీతం’ అంటే ఇవాళ అంగడి అర్థమే తోస్తుంది. ‘విలంబిత సంగీతం’ అనడానికి నాకు అభ్యంతరం లేదు గానీ, హిందుస్తానీ విలంబిత ఖయాల్ విన్నవారికి 80 దెబ్బల నడక అంత నెమ్మది అనిపించకపోవచ్చు. అలాంటి చోట ‘డౌన్‌టెంపో’నే ఉంచి, లయ విలంబమని పక్కన చెప్పండి.

మీ వాక్యంలో ఇంకొక తప్పుంది. సేదతీరేది వినేవాళ్లు. ఆల్బమ్ సేదతీర్చేది.