కల్పితానికి కల్పితమా?

సందేహం: 'మై లిటిల్ పోనీ: ఫ్రెండ్‌షిప్ ఈజ్ మ్యాజిక్' అనే పిల్లల కార్టూన్ మీద అభిమానులు రాసే కథలను కొంతకాలంగా చదవడం జరుగుతోంది. ఎంతో ఎంజాయ్ చేయడం కూడా జరిగింది. ఈ ఫ్యాన్ ఫిక్షన్‌ని తెలుగులో 'అభిమాన కథ' అనవచ్చా? మా అన్నయ్య మాత్రం 'కార్టూనే కల్పితం, దాని మీద మళ్లీ కల్పితం, అంతా పుక్కిటి పురాణం' అని ఎగతాళి చేస్తున్నాడు. ఆ మాట ఇక్కడ సరిపోతుందా? పోనీ కథలు అని రాస్తే చాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ 'జరగడం' సంగతి తేల్చుకుందాం. సభ జరుగుతుంది, పెళ్లి జరుగుతుంది. చదవడం జరగదమ్మా, ఎవరో ఒకరు చదవాలి. ఇక్కడ చదివింది మీరు. పిల్లల కార్టూన్ కదా అని మొహమాటపడి కర్తను వాక్యంలోంచి తప్పించారేమోనని నా అనుమానం. ప్రకటనలు చదివేవాళ్లు, ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఈ జబ్బును ఊరంతా అంటించారు. మీరు 'చదువుతున్నాను' అనండి, తప్పేమీ లేదు. 'ఎంజాయ్'తో నాకు అంత పేచీ లేదు. కాకపోతే నవ్వుకున్నాను, మురిసిపోయాను, ఏడుపొచ్చింది, నిద్ర మానుకుని చదివాను అని విడివిడిగా చెప్పాల్సిన అనుభవాలన్నిటినీ ఆ ఒక్క మాటే మింగేస్తోంది. కొంచెం నిండైన మాట కావాలంటే 'ఆస్వాదించాను' ఉంది. అందులో ఉన్నది స్వాదం, అంటే రుచి.

'అభిమాన కథ' కుదరదు. అభిమాన నటుడు అంటే మనం అభిమానించే నటుడు. ఆ లెక్కన అభిమాన కథ అంటే మీకు బాగా నచ్చిన కథ అవుతుంది గానీ, అభిమాని రాసిన కథ కాదు. 'అభిమాని కథ' అంటే అభిమాని రాసిందో, అభిమాని గురించి రాసిందో తేలదు. అభిమానం అనే మాటకు సాంఖ్యులు, అంటే సాంఖ్య దర్శనం వాళ్లు, చెప్పిన అర్థం అహంకారం. మన తెలుగులో అది ప్రేమ ఎలా అయిందన్నది వేరే ఉత్తరానికి తగిన విషయం.

ఇక పుక్కిటి పురాణం. గ్రంథాధారం ఏదీ లేకుండా నోటి మాటగా నడిచొచ్చిన కథకు ఆ పేరు. మీరు చదివేవి ఎవరో కూర్చుని రాసినవి, దిద్దుకున్నవి, అధ్యాయాలుగా విడదీసినవి. వాటిని పుక్కిటివి అనడం మీ అన్నయ్య తొందరపాటు. అసలైన పుక్కిటి పురాణం కావాలంటే భట్టుమూర్తి రాసిన వసుచరిత్ర కావ్యంలోని 'నానాసూనవితాన' పద్యం గురించి చెప్పుకునేది వినమనండి. కావ్యనాయిక గిరిక ముక్కును వర్ణించే ఆ పద్యం నిజానికి నంది తిమ్మనదనీ, భట్టుమూర్తి దాన్ని డబ్బిచ్చి కొన్నాడనీ, అందుకే తిమ్మన ముక్కు తిమ్మన అయ్యాడనీ చెబుతారు. చెప్పేవాళ్లే గానీ చూపించేవాళ్లు లేరు.

భట్టుమూర్తి పేరు ఎలాగూ వచ్చింది, ఇక నన్ను ఆపకండి. మీ అన్నయ్య 'కల్పితం' అన్నప్పుడు ఆ మాటకు అబద్ధం అనే అర్థం ఒక్కటే ఆయన మనసులో ఉంది. ఇప్పుడు అందరిదీ అదే వరస. వార్త కల్పితం అంటే అబద్ధం, సాక్ష్యం కల్పితం అంటే దొంగసాక్ష్యం. ఇంత పెద్ద మాటను ఇంత చిన్న పనికి వాడుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. దీని ధాతువు 'కృపూ సామర్థ్యే'. రేఫ (ర) లకారమై క్లృప్, కల్ప అయింది. అంటే మొదటి అర్థం చేయగలగడం, పొందికగా అమరడం. 'సౌకర్యాలు కల్పించారు', 'అవకాశం కల్పించారు' అన్నప్పుడు ఈ అర్థం ఇంకా బతికే ఉంది. అక్కడ అబద్ధం ఏమీ లేదు (సౌకర్యాలు నిజంగా ఉంటే). కత్తిరించి తీర్చిదిద్దడం కూడా ఈ ధాతువు పనే. సంస్కృతంలో కల్పని అంటే కత్తెర, కల్పకుడు అంటే మంగలి. జుట్టూ గోళ్లూ గడ్డమూ కత్తిరించుకున్నవాణ్ని మనుస్మృతి 'క్లృప్తకేశనఖశ్మశ్రుః' అంటుంది. మనం 'క్లుప్తంగా చెప్పండి' అంటామే, ఆ క్లుప్తం ఇదే. కల్పన, క్లుప్తం ఒకే ఇంటి పిల్లలు. పెంచి రాసేదీ తగ్గించి చెప్పేదీ ఒకే ధాతువు నుంచి వచ్చాయి.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన అర్థం అమరసింహుడి సంస్కృత నిఘంటువు అమరకోశంలో ఉంది. అక్కడ కల్పన అంటే ఏనుగును ముస్తాబు చేయడం, సవారీకి సిద్ధం చేయడం. ఏనుగు ముందే ఉంది. కల్పన చేసేవాడు ఏనుగును పుట్టించడు, దాని మీద కప్పడం వేస్తాడు, పట్టెడ బిగిస్తాడు. వేదంలో సృష్టి గురించిన మాట కూడా ఇలాంటిదే. 'సూర్యాచంద్రమసౌ ధాతా యథాపూర్వమకల్పయత్'. విధాత సూర్యచంద్రులను మునుపటిలాగే కల్పించాడట. బ్రహ్మగారికే పాత ఆధారం కావలసి వచ్చింది. పోనీలమీద కథలు రాసేవాళ్లను తప్పుపట్టే ముందు మీ అన్నయ్య ఈ 'యథాపూర్వం' దగ్గర ఒక్క నిమిషం ఆగాలి.

ఇప్పుడు పద్యం. వసుచరిత్ర అవతారికలో, అంటే పీఠికలో, కృతి అందుకున్న రాజు తిరుమలరాయలు కవితో అన్న మాటగా ఉంది:

కేవలకల్పనాకథలు కృత్రిమరత్నము లాద్యసత్కథల్
వావిరి పుట్టురత్నము లవారితసత్కవికల్పనావిభూ
షావహపూర్వవృత్తములు సానలఁ దీఱినజాతిరత్నముల్
గావున నిట్టి మిశ్రకథగా నొనరింపుము నేర్పుపెంపునన్

పూర్తిగా ఊహించి అల్లిన కథలు తయారుచేసిన రత్నాలు. పాతకథలు గనిలో పుట్టినవి, అయితే సానపట్టనివి. మంచి కవి కల్పనను నగలా తొడుక్కున్న పాతకథలు సానతీరిన జాతిరత్నాలు. ఇందులో నన్ను పట్టుకునే మాట 'విభూషావహ'. కల్పన అనగానే కవికి అలంకారం గుర్తొచ్చింది, అమరుడికి ఏనుగు గుర్తొచ్చినట్టే. 'కేవల' అనే మాటను కూడా తేలిగ్గా దాటిపోకూడదు. కల్పన తప్పని ఈ పద్యం అనడం లేదు, ఒంటరి కల్పనను తక్కువ చేస్తోంది, అంతే. (కళాపూర్ణోదయం లాంటి కేవల కల్పనాకథ రాసిన పింగళి సూరన అభిమానులకు ఈ పద్యం గుచ్చుకోకుండా ఉండదు. గుచ్చుకోనివ్వండి.) అన్న మాటను భట్టుమూర్తి చేసి చూపించాడు కూడా. భారతం ఆదిపర్వంలో వసురాజు కథ చాలా చిన్నది. కోలాహలపర్వతం శుక్తిమతీనదిని అడ్డగిస్తే రాజు దాన్ని కాలితో తన్నాడు, ఆ కొండకూ నదికీ పుట్టిన గిరికను పెళ్లి చేసుకున్నాడు. దాన్ని ఆరు ఆశ్వాసాల కావ్యం చేశాడు. మూలంలో గిరిక ముక్కు ఊసే లేదు. ఇక్కడ ఆ ముక్కు కోసం ఒక సంపెంగ తపస్సు చేసింది. తుమ్మెద అన్ని పూల దగ్గరికీ వెళ్లి తన దగ్గరికే రావడం లేదని అలిగి, అడవిలో తపస్సు చేసి, ఆడదాని ముక్కుగా పుట్టి, తుమ్మెదల్లాంటి చూపులను రెండు వైపులా పెట్టుకుందట. ఒక చిన్న పాత్ర ముఖంలో ఒక్క అవయవానికి ఇంత పూర్వకథ!

మీరు చదివే కథలు రాసేవాళ్లు చేస్తున్నదీ ఇదే. 2010లో మొదలై 2019లో ముగిసిన ఆ కార్టూన్ తొలి భాగంలోనే, వెనక గుంపులో, రెండు కళ్లూ చెరో దిక్కు చూసే బూడిదరంగు రెక్కల గుర్రం ఒకటి కాసేపు కనిపించిందట. పేరు లేదు, మాట లేదు. చూసేవాళ్లు దానికి డెర్పీ అని పేరు పెట్టారు, ఉత్తరాలు పంచే ఉద్యోగమిచ్చారు, ఒక కూతుర్నీ ఇచ్చారు. 2012లో వచ్చిన ఒక భాగంలో కార్టూన్ వాళ్లే దాన్ని ఆ పేరుతో పిలిపించి మాట్లాడించారు. దాని మీద గొడవ వచ్చాక ఆ పేరు వినిపించకుండా మార్చారు. అభిమాని కల్పన మూలంలోకి ఎక్కడమూ, ఎక్కి దిగడమూ రెండూ జరిగాయన్నమాట. (ఇక్కడ 'జరగడం' వాడవచ్చు.)

మూలంలో ఉన్నదాన్ని ఈ అభిమానులు కానన్ అంటారట. మూలంలో లేనిదానికి మనకు మాట సిద్ధంగా ఉంది: అవాల్మీకం. వాల్మీకి చెప్పని రామకథాఘట్టాలకు పండితులు వాడే మాట. వారధికి ఇసుక మోసిన ఉడుత, ఇంద్రజిత్తు భార్య సులోచన రంగనాథ రామాయణంలో ఉన్నారు, వాల్మీకంలో లేరు. ఊర్మిళ పద్నాలుగేళ్ల నిద్ర ఆడవాళ్ల పాటల్లో పెరిగింది. ఇద్దరు పాత్రలను కలపాలని ఉబలాటపడటాన్ని షిప్పింగ్ అంటారట. శశిరేఖకూ అభిమన్యుడికీ వ్యాసుడు చేయని పెళ్లి చేసినవాళ్లకు ఆ ఉబలాటం కొత్తేమీ కాదు.

అయితే ఒక చిక్కుంది, దాన్ని దాచను. భట్టుమూర్తి సానపట్టమన్నది పుట్టురత్నాన్ని. కార్టూన్ ఆయన లెక్కలో కేవల కల్పన, తయారుచేసిన రాయి. దాన్ని సానపడితే జాతిరత్నం అవుతుందా? మీ అన్నయ్య వాదానికి ఇక్కడ కాస్త బలముంది. నా వంతుగా చెప్పగలిగేది ఇదొక్కటే. ఆ కథను నాలుగో ఏట నుంచి చూస్తూ పెరిగినవాళ్లకు అది కథ కాదు, జరిగిపోయిన సంగతి, పూర్వవృత్తమే. ఏది ఆద్యం అన్నది వినేవాళ్ల వయసును బట్టి కూడా ఉంటుంది. ఇది శాస్త్రం కాదు, నా అభిప్రాయం. ఒప్పుకోని పండితులు ఉంటారు, వాళ్ల దగ్గర మంచి కారణాలే ఉండవచ్చు.

కాబట్టి 'మిశ్రకథ' అనండి. 'అభిమానుల మిశ్రకథలు' అంటే ఇంకా స్పష్టం. పలకడానికి బరువైతే ఫ్యాన్ ఫిక్షన్ అనే రాసుకోండి, నేనేమీ అనుకోను. 'అభిమాన కథ' మాత్రం వద్దు. మీ అన్నయ్య 'కల్పితం' అంటే అననివ్వండి, ముందు 'కేవల' చేర్చకుండా చూసుకోండి.

చివరి ప్రశ్న. 'పోనీ కథలు' అని రాస్తే చదివేవాళ్లు 'పోనీలే, కథలే కదా' అని మీరు సర్దుకుంటున్నారనుకుంటారు. బహువచనంలో 'పోనీల కథలు' అనండి. 'పోనీగుర్రాల కథలు' అంటే అసలు తగాదాయే లేదు.