పిల్లలకి జ్వరం వచ్చిన వారంలో కూడా

హబ్సిగూడ, హైదరాబాద్

చి. లావణ్యకు పిన్ని ఆశీస్సులు.

"బరువు తగ్గాలని నడక నాలుగుసార్లు మొదలుపెట్టాను, నాలుగుసార్లూ మూడో వారానికే మానేశాను, నాలో పట్టుదలే లేదు పిన్నీ" అని ఫోన్లో అన్నావు. ఫోన్లో తేలే సంగతి కాదని రాస్తున్నాను. పట్టుదల మాట పక్కన పెట్టు. పొద్దున్నే లేచి రెండు టిఫిన్ డబ్బాలు సర్ది, ఒకడిని స్కూల్ బస్సెక్కించి, ఇంకోదానికి జడలేసి, రాయదుర్గం దాకా మెట్రోలో నిలబడి వెళ్ళొచ్చే మనిషికి పట్టుదల లేదంటే ఎవరు నమ్ముతారు? తప్పు నీ లెక్కలో ఉంది. నువ్వు వేసుకున్న టైమ్‌టేబుళ్ళన్నీ మంచి వారానివి. పిల్లలకి జలుబు లేదు, పనిమనిషి మానలేదు, ఆఫీసులో రిలీజ్ హడావిడి లేదు. అలాంటి వారం నెలకొకటి వస్తే గొప్ప. లెక్క చెడ్డ వారానికి వేసుకో.

మొదటి నాలుగు వారాలూ రోజుకి 10 నిమిషాలు, వారానికి 5 రోజులు. నవ్వకు. పది నిమిషాలతో బరువు తగ్గదని నాకూ తెలుసు. అది ఒళ్ళు తగ్గడానికి కాదు, వేళ కుదరడానికి. రోజూ ఒకే వేళకి కాళ్ళకి షూ ఎక్కడం అలవాటైతే పదిని ముప్ఫై చేయడం తేలిక. బాగున్న రోజు అరగంట నడువు, జ్వరాల రోజు పదితో సరిపెట్టుకో. ఒక రోజు పూర్తిగా పోయినా కొంప మునగదు. వరుసగా రెండో రోజు మాత్రం పోనివ్వకు, నీ నాలుగు ప్రయత్నాలూ ఆగింది అక్కడే అయుంటుంది. పోయిన రోజుకి బదులు మర్నాడు రెట్టింపు నడవాలని కూడా చూడకు. కాళ్ళు పట్టేసి మూడో రోజు కూడా పోతుంది.

ఐదో వారం నుంచి వారానికి ఐదేసి నిమిషాలు పెంచు. ఎనిమిదో వారానికి అరగంటవుతుంది, ఐదు రోజులకి 150 నిమిషాలు. పెద్దవాళ్ళకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కలో అది కింది గీత. ఒక్కసారిగా గంట నడిస్తే పిక్క ముందు ఎముక నొప్పి పుడుతుంది, లేదా పొద్దున మంచం దిగగానే మడమలో సూది గుచ్చినట్టుంటుంది. అది వచ్చాక వారాల తరబడి నడకే ఉండదు. వేగం ఎంతంటావా, పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. సుమారుగా నిమిషానికి 100 అడుగులు. ఫోన్‌లో పదివేల అడుగులు పూర్తి కాలేదని బెంగ పెట్టుకోకు. ఆ పదివేలు 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి దానికి పెట్టిన పేరులోంచి వచ్చిన అంకె, వైద్యులు తేల్చింది కాదు.

ఇక వేళ. అందరూ తెల్లవారుజామున లేవమంటారు. రాత్రి పన్నెండుకి పడుకునేదానివి నాలుగున్నరకి లేస్తే నిద్ర చాలదు, నిద్ర చాలని రోజు ఆకలి ఎక్కువవుతుంది, తీపి మీదికే మనసు పోతుంది. నీకు కుదిరేది సాయంత్రం. తిరిగి వచ్చేటప్పుడు ఒక స్టేషన్ ముందే తార్నాకలో దిగి ఇంటికి నడువు. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. మొదట్లో అంత కూడా బరువనిపిస్తే ఇంటి స్టేషన్లోనే దిగి, సందుల్లో పది నిమిషాలు తిరిగి వెళ్ళు. షూ బ్యాగులో కాదు, కాళ్ళకే ఉండాలి. ఆఫీసు చెప్పులు అక్కడే డెస్కు కింద వదిలెయ్. ఇంట్లో అడుగుపెట్టాక మళ్ళీ బయటికి వస్తానన్నది జరగని పని, చిన్నది కాళ్ళకి చుట్టుకుంటుంది, నువ్వు సోఫాలో కూలబడతావు. అందుకే నడక ఇంటి గుమ్మానికి ఇవతలే అయిపోవాలి. ఫుట్‌పాత్ మీద బండ్లు, బైకులు ఉండి రోడ్డెక్కాల్సి వస్తే ఎదురుగా వచ్చే వాహనాలు కనబడే వైపు నడువు, చెవుల్లో పాటలు వద్దు. పొద్దున్నే గల్లీల్లో తిరిగితే కుక్కల గుంపుల సంగతి నీకు తెలియనిది కాదు. పొద్దుటి నడకే కావాలనుకుంటే తెల్లగా వెలుగొచ్చాక, నలుగురు నడిచే చోటికి వెళ్ళు.

వానాకాలంలో అపార్ట్‌మెంట్ సెల్లార్ ఉంది. ఒక చుట్టుకి ఎన్ని అడుగులో ఒకసారి లెక్కపెట్టుకో. 100 అయితే పది చుట్లకి పది నిమిషాలైనట్టే. ఆఫీసులకి కార్లు బయల్దేరే వేళ మాత్రం వద్దు, పొగంతా అక్కడే నిలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు గూకాక కూడా నేల సెగ కక్కుతుంది, ఏడు దాటాక నడువు, సీసాలో మజ్జిగో నీళ్ళో ఉంచుకో. ఆదివారం పిల్లలిద్దర్నీ సైకిళ్ళతో సహా ఉస్మానియా క్యాంపస్‌కి తీసుకుపో. వాళ్ళ వెనక పరుగులాంటి నడక నీకు తప్పదు.

అల్లుడితో వారాలు పంచుకో. "కాస్త పిల్లల్ని చూస్తావా" అని ఏ రోజుకారోజు అడగడం ఇద్దరికీ విసుగు. సోమ, బుధ, శుక్రవారాలు ఏడున్నర నుంచి ఎనిమిది దాకా నీవి, మంగళ, గురు, శనివారాలు అతనివి అని ఫ్రిజ్ మీద అంటించండి. అతనికీ పొట్ట వస్తోందిగా. మనవాళ్ళకి నడుం చుట్టుకొలత ఆడవాళ్ళకి 80, మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలంటారు.

ఐదు రోజుల నడక అలాగే ఉంచి, ఫ్రిజ్ మీద రాసుకున్న నీ రోజుల్లో రెండింటిని కండకి ఇవ్వు. తిండి తగ్గించి నడక ఒక్కటే పెట్టుకుంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. దీనికి జిమ్ అక్కర్లేదు. కట్టాలనుకున్నా నెలకే కట్టు, ఏడాదికి తక్కువ పడుతుందని మాత్రం కట్టకు. కుక్కర్ పెట్టి ఆ పావుగంటలో ఇవి చెయ్. గోడకి ఆనించిన కుర్చీ ముందు నిలబడి, పిర్రలు కుర్చీకి తగిలీ తగలకుండా దిగి, మళ్ళీ లేవడం 10 సార్లు. ధబీమని కూర్చోకూడదు, దిగేటప్పుడు మూడు లెక్కపెట్టు. మోకాలు కలుక్కుమంటే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచు. తర్వాత వంటింటి గట్టు. పొయ్యికి దూరంగా, తడి లేని చోట, గట్టు అంచు మీద భుజాల వెడల్పున చేతులు పెట్టి, రెండు మూడడుగులు వెనక్కి జరిగి, తల నుంచి మడమ దాకా ఒకే గీతలా ఉంచి, రొమ్ము అంచు దాకా వంచి లేవడం 10 సార్లు. నడుం జారిపోతుంటే కాళ్ళు కాస్త ముందుకి జరుపు. ఆ తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి నడుం పైకెత్తడం 12 సార్లు. మెట్టెక్కి దిగడం కాలికి పదేసి. ఇదంతా రెండు విడతలు. ఆఖరి రెండు సార్లూ కాస్త కష్టంగా ఉండాలి. తేలికైపోతే చేతిలో నీళ్ళ సీసాలు పట్టుకో.

ఒక మాట, ఎవరూ పైకి చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను. కాన్పులయ్యాక చాలామందికి గెంతినా, తుమ్మినా, పరుగెత్తినా చుక్క మూత్రం జారుతుంది. ఆ సిగ్గుకే ఎందరో వ్యాయామం మానేస్తారు, పైకి మాత్రం టైమ్ లేదంటారు. నీకూ అదే ఉంటే గెంతులు, తాడాట కొన్నాళ్ళు ఆపు. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాన్ని ఐదు లెక్కపెట్టేదాకా బిగించి వదలడం, ఒక్కో పూట 8 నుంచి 10 సార్లు, రోజుకి మూడు పూటలు. మెట్రోలో నిలబడి కూడా చేయొచ్చు, ఎవరికీ తెలియదు. మూడు నెలలు విడవకుండా చెయ్. అప్పటికీ తగ్గకపోతే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళు, ఫిజియోథెరపీ ఉంది.

ఇప్పుడు అసలు చోటికి, వంటింటికి వద్దాం. డెబ్బై కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే 130, 150 కేలరీలు ఖర్చవుతాయి. ఒక మిర్చీ బజ్జీ, ఒక ఇరానీ చాయ్‌తో అవి తిరిగొచ్చేస్తాయి. కొవ్వు కిలో కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తేడా రావాలి. అందుకే తగ్గేది చాలావరకు కంచంలోనే. నడక గుండెకి, నిద్రకి, తగ్గిన బరువు తిరిగి రాకుండా ఉండడానికి.

నూనెతో మొదలుపెట్టు. నెల సామాన్లలో ఎన్ని లీటర్లు వస్తోందో చూడు. నలుగురికి 5 లీటర్లంటే మనిషికి రోజుకి 40 మిల్లీలీటర్ల పైమాటే. దాన్ని 3 లీటర్లకి దించితే 25 అవుతుంది. మీ తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చెప్పే కొలతకి అది దగ్గర. మిగిలిన 2 లీటర్లూ ఎంతనుకున్నావు? ఇంటి మొత్తానికి 16,500 కేలరీలు, మనిషికి 4,100 పైన, అంటే కాగితం మీద నెలకి అరకిలో కొవ్వు. నాలుక పెద్దగా కనిపెట్టదు కూడా. చేయాల్సిందల్లా క్యాన్ నుంచి తిన్నగా మూకుడులోకి వంచడం మానడం. వారానికి 700 మిల్లీలీటర్లు ఒక సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టు, చెంచాతోనే వెయ్. గురువారానికే సీసా అడుగంటితే ఎక్కడ పోతోందో నీకే తెలుస్తుంది, సాధారణంగా అది వేపుళ్ళలోనూ దోసెల పెనం మీదా ఉంటుంది. చిన్నదాని అన్నంలో నెయ్యి మాత్రం తగ్గించకు. ఈ లెక్క పెద్దవాళ్ళకి.

రెండోది పిల్లల కంచం. వాడు వదిలేసిన సగం దోసె, చిన్నది వద్దన్న రెండు ముద్దలు, డబ్బాలో తిరిగొచ్చిన బిస్కెట్లు, ఇవన్నీ పారేయడం ఇష్టం లేక నీ నోట్లోకి పోతాయి, లెక్కలోకి రావు. ముందు సగమే వడ్డించు, అడిగితే మళ్ళీ వెయ్. మిగిలింది మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. వాళ్ళకి నిలబడి తినిపిస్తూ నువ్వూ తినకు, కూర్చుని కంచం పెట్టుకుని తిను.

చాయ్‌లో చక్కెర చూడు. రోజుకి నాలుగు కప్పులు, కప్పుకి రెండు చెంచాలంటే 40 గ్రాములు. వారం వారం అర చెంచా చొప్పున తగ్గించు, ఒక్కసారిగా మానితే మూడో రోజు మళ్ళీ మొదటికే.

అన్నం మానకు. మన ఇళ్ళలో అన్నం మానిన వాళ్ళు రాత్రి పదింటికి పిల్లల చిప్స్ ప్యాకెట్ విప్పుతారు. కంచంలో సగం కూరలు ఉంచు, కూరంటే ఆలుగడ్డ కాదు. మిగతా సగంలో అన్నమో రొట్టెలో ఒక పాలు, పప్పో గుడ్డో చికెనో ఒక పాలు. నీ బరువుకి మాంసకృత్తులు రోజుకి 60 గ్రాములు కావాలి. గుడ్డుకి 6 గ్రాములు, కప్పు పెరుగుకి కూడా దాదాపు అంతే. ఇడ్లీ, చట్నీ నాష్టాలో అవి తక్కువ కాబట్టి పక్కన రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకో, లేదంటే పెసరట్టు వేసుకో. సాయంత్రం ఐదింటికి ఆఫీసులో గుప్పెడు వేయించిన శనగలు, ఒక జామకాయ తిను. ఆ వేళ కడుపు ఖాళీగా ఉంచితే ఎనిమిదింటికి ఇంట్లో గిన్నె మీద పడతావు. దావత్‌లకి వెళ్ళకుండా ఉండలేం. బిర్యానీ ఒక కంచం తిను, కూల్‌డ్రింక్, డబుల్ కా మీఠాల్లో ఒకటి వదులు. తేనె, నిమ్మరసం, జీలకర్ర నీళ్ళు కొవ్వు కరిగిస్తాయని వాట్సాప్‌లో వచ్చేదానికి మాత్రం సమయం ఖర్చుపెట్టకు.

బరువు చూసుకోవడంలోనే ఎక్కువమంది గుండె జారిపోతుంది. రాత్రి ఆవకాయ, పప్పు తింటే పొద్దున కిలో ఎక్కువ చూపిస్తుంది, అది ఉప్పు పట్టి ఉంచిన నీరు. నెలసరి ముందు కూడా అంతే. మెషిన్ టైల్స్ మీద పెట్టు, చాప మీద కాదు. పొద్దున లేచి టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక, ఏమీ తినక ముందు ఎక్కు. వారంలో మూడు రోజుల అంకెలు కలిపి సగటు తీసి, ఆ సగటును పోయిన నెల సగటుతో పోల్చు. నిన్నటితో పోల్చకు. మొదటి వారం ఒకటిన్నర కిలో తగ్గిందని చుట్టాలందరికీ చెప్పకు, అందులో ఎక్కువ నీరే. నెలకి ఒకటిన్నర, రెండు కిలోలు మంచి వేగం. నీ 72లో 5 శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గినా బీపీ, షుగర్‌లలో తేడా కనబడుతుంది. మూడు నెలల తర్వాత ఆగిపోతే కంగారు పడకు. తేలికైన ఒళ్ళు తక్కువ ఖర్చు పెడుతుంది, పైగా నూనె సీసా కొలత ఆపాటికి నువ్వు మర్చిపోయి ఉంటావు. ముందు సీసా చూడు, తర్వాత తిండి తగ్గించడం గురించి ఆలోచించు.

మొదలుపెట్టే ముందు బీపీ చూపించుకో. పరగడుపున షుగర్, థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించు. రక్తం తక్కువుంటే మెట్లెక్కగానే ఆయాసం వస్తుంది, అది నీ బద్ధకం అనుకుంటావు. నడుస్తుంటే ఛాతీ పట్టేసినా, కళ్ళు తిరిగినా అక్కడే ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్ళు, ఇల్లు చేరాక చూద్దాంలే అనుకోకు.

పిల్లలకి ముద్దులు, అల్లుడికి ఆశీస్సులు.

మీ పిన్ని

తా.క. షూ సాయంత్రం వెళ్ళి కొను, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేసుకునే సాక్సులు తీసుకుపో. బొటనవేలి ముందు వేలెడు చోటు ఉండాలి, దుకాణంలోనే పది అడుగులు నడిచి చూడు. రంగు చిన్నదాన్ని ఎంచుకోమను, రోజూ అదే గుర్తు చేస్తుంది.