రాయగడలో ఏడో నెల, పురుడు పార్వతీపురంలో: ముందు ఏం చూసుకోవాలి?

చెల్లీ, హిమోగ్లోబిన్ 9.2 అని, ఒడియాలో ఉన్న తల్లీబిడ్డల కార్డుతో పుట్టింటికి వెళ్తే అక్కడ చూస్తారా అని అడిగావు. కార్డు గురించి టెన్షన్ వద్దు. సర్కారు ఆసుపత్రిలో పురుడు, ఆపరేషన్ అయినా సరే, ఏ రాష్ట్రంలోనైనా ఉచితమే. స్కానింగ్, రక్త పరీక్షల కాగితాలన్నీ కార్డుతో కలిపి ఒకే కవర్లో పెట్టుకో.

నాకైతే ఆ 9.2 గురించే ఆలోచన. 11 ఉండాలి. ఐరన్ మాత్ర టీతో, పాలతో వేసుకోకు, నిమ్మరసంతో వేసుకో. కాల్షియం మాత్ర వేరే పూట. (నేను రెండూ కలిపి మింగి నెలలు వృథా చేసుకున్నాను.) మన వైపు సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు), మలేరియా ఎక్కువ కాబట్టి ఆ రెండు పరీక్షలూ అయ్యాయో లేదో అడుగు. ప్రతి నెలా 9న సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరే ఉచితంగా చూస్తారు, ఆ రోజు వెళ్లు. నెల తర్వాత రక్తం మళ్లీ చూపించు.

ప్రయాణం తొమ్మిదో నెల దాకా సాగదీయకు. డాక్టర్ సరేనంటే ఎనిమిదో నెలలోనే రైల్లో వెళ్లిపో. సీమంతం ముహూర్తం కోసం ఆగొద్దు, అత్తయ్యగారికి నచ్చజెప్పు. అక్కడికెళ్లగానే ఆశా కార్యకర్త దగ్గర పేరు రాయించుకో. నీ గ్రూపు రక్తం ఇచ్చేవాళ్లు ఇద్దరిని ముందే మాట్లాడి పెట్టుకో.

రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, తలనొప్పితో చూపు మసకబారినా, బిడ్డ కదలిక తగ్గినా తెల్లారేదాకా ఆగకు. 108కి ఫోన్ చెయ్యి.