కంపెనీల కథలు చదివితే వ్యాపారం వస్తుందా?

ప్రశ్న: రెండేళ్లుగా పెద్ద కంపెనీలు ఎలా ఎదిగాయో వివరంగా చెప్పే కేస్ స్టడీలు చదువుతున్నాను. నోట్సు కూడా రాసుకుంటున్నాను. చదువుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. తీరా నా చిన్న వ్యాపారంలో ఒక నిర్ణయం తీసుకోవాల్సి వస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. చదివేది తప్పా, చదివే తీరు తప్పా?

జవాబు: చదివే తీరు తప్పు. దిద్దుకోగలిగిందే కాబట్టి దిగులు పడకండి. కంపెనీ గెలిచిందని ముందే తెలిసి చదువుతాం కదా, అందుకని వాళ్లు వేసిన ప్రతి అడుగూ లెక్కలు కట్టి వేసినట్టే కనిపిస్తుంది, మనం తలూపుతూ పేజీ తిప్పేస్తాం. మన బుర్రకి అక్కడ ఏ పనీ పడదు.

హోండా కథే తీసుకోండి, నాకు చాలా ఇష్టమైనది. 1959లో ఆ కంపెనీ అమెరికాలో అడుగుపెట్టింది. తర్వాత కొన్నేళ్లకి బ్రిటన్ మోటార్‌సైకిల్ పరిశ్రమ కుదేలైపోతే, ఎందుకిలా అయిందో తేల్చమని అక్కడి ప్రభుత్వం బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ అనే, కంపెనీలకి సలహాలిచ్చే సంస్థని అడిగింది. 1975లో వచ్చిన రిపోర్టు చెప్పిందేమిటంటే, హోండా జపాన్‌లో చిన్న బళ్లని భారీ సంఖ్యలో తయారుచేసి ఖర్చు తగ్గించుకుంది, ఆ బలంతో అమెరికాలో చిన్న బళ్లతో మొదలుపెట్టి మెల్లగా పెద్ద బళ్లలోకి వచ్చింది. చక్కగా అతికిన కథ. బిజినెస్ స్కూళ్లలో పాఠం కూడా అయింది.

1980లలో ఒక పరిశోధకుడు జపాన్ వెళ్లి, హోండా అమెరికాకి పంపిన మనుషులనే కూర్చోబెట్టి అడిగాడు. వాళ్లు చెప్పింది వేరు. అమెరికాకి తీసుకెళ్లడానికి జపాన్ ప్రభుత్వం వాళ్లకి అనుమతించింది 2,50,000 డాలర్లు, అందులో చేతికొచ్చిన నగదు సగం కూడా లేదు, మిగతాది బళ్లు, విడిభాగాల రూపంలోనే. వాళ్ల ఆశంతా 250, 305 సీసీ పెద్ద బళ్ల మీద. సూపర్ కబ్ అనే 50 సీసీ బుల్లి బళ్లని మాత్రం లాస్ ఏంజెలిస్‌లో తమ పనుల మీద తిరగడానికి వాడుకునేవాళ్లు. రోడ్డు మీద జనం ఆపి మరీ అడగడం మొదలుపెట్టారు, అమెరికాలో పెద్ద దుకాణాల సంస్థ అయిన సియర్స్ నుంచి ఫోన్ కూడా వచ్చింది. అయినా వీళ్లు వెనకాడారు, బుల్లి బండి అమ్మితే పెద్ద బైకులు కొనేవాళ్ల దగ్గర పరువు పోతుందని. ఇంతలో 1960లో పెద్ద బళ్లు మొండికేశాయి. అమెరికాలో జపాన్‌లోకన్నా ఎక్కువ దూరాలు, ఎక్కువ వేగంతో నడుపుతారు, ఆ దెబ్బకి ఆయిల్ కారడం, క్లచ్‌లు పాడవడం. పాడైన బళ్లని విమానంలో జపాన్‌కి పంపి బాగుచేయించే పని ఒకపక్క సాగుతుంటే, ఇంకోపక్క దారి లేక బుల్లి బండినే అమ్మకానికి పెట్టారు. అదే వాళ్లని నిలబెట్టింది.

రెండు కథల్లోనూ నిజం ఉందని నా అభిప్రాయం. చవగ్గా తయారుచేసే సత్తా లేకపోతే ఆ బుల్లి బండి అంత చవగ్గా దొరికేది కాదు. కానీ మీలాంటి వాళ్లకి పనికొచ్చేది రెండో కథే, ఎందుకంటే మీరున్నది రిపోర్టు రాసేవాళ్ల కుర్చీలో కాదు, ఆ 1960లో.

కాబట్టి ఇలా చేయండి. కేస్‌లో చిక్కు వచ్చిన చోట చదవడం ఆపేసి, మిగతా పేజీ కాగితంతో కప్పేయండి. ఆ రోజుకి వాళ్ల చేతిలో డబ్బెంత, వాళ్లకి తెలిసిందేమిటి, తెలియనిదేమిటి అని ఒక కాగితం మీద రాసి, మీరైతే ఏం చేసేవారో, ముఖ్యంగా ఎందుకు చేసేవారో, రెండు వాక్యాలైనా సరే, రాయండి. అప్పుడు కాగితం తీయండి. మీ జవాబు వాళ్ల జవాబుతో కలిసిందా లేదా అన్నది పెద్ద విషయం కాదు, మీ కారణంలో మీరు చూడనిది ఏముందో వెతకండి. నెలకి ఒక్క కేస్ ఇలా చేసినా చాలు, తొందరేం లేదు. మీ సొంత నిర్ణయాలు కూడా తేదీ వేసి అదే పుస్తకంలో రాసుకోండి, ఆరు నెలల తర్వాత చదువుకుంటే ఏ కేస్ స్టడీ కన్నా అవే ఎక్కువ నేర్పిస్తాయి.

ప్రశ్న: గెలిచిన కంపెనీ పద్ధతి తెలిశాక దాన్నే కాపీ కొడితే సరిపోదా?

జవాబు: ఒక్క ముక్క కాపీ కొడితే సరిపోదు. అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్ 1971లో మొదలైంది. మరుసటి ఏడు డబ్బుకి కటకటగా ఉండి, ఉన్న నాలుగు విమానాల్లో ఒకటి అమ్మేసింది. ట్రిప్పులు తగ్గించడం ఇష్టం లేదు. అంటే దిగిన విమానం 10 నిమిషాల్లో మళ్లీ బయల్దేరాలి. అది కుదరాలంటే భోజనాలు ఎక్కించడం, దించడం ఉండకూడదు, సీటు నంబర్లు ఉండకూడదు, దొరికిన చోట కూర్చోవాల్సిందే. అన్నీ బోయింగ్ 737లే అయితే ఏ పైలట్ అయినా, ఏ మెకానిక్ అయినా ఏ విమానం దగ్గరికైనా వెళ్లగలడు. ఇందులో ఏ ఒక్కటి పీకేసినా ఆ 10 నిమిషాలు గల్లంతే.

కాంటినెంటల్ అనే పెద్ద విమాన సంస్థ 1993లో కాంటినెంటల్ లైట్ పేరుతో ఇదే చేయబోయింది. టికెట్ ధర తగ్గించింది, భోజనం తీసేసింది, కానీ తన మిగతా సర్వీసులని పాత పద్ధతిలోనే నడుపుకుంది. ఒక విమానం నుంచి ఇంకో విమానానికి లగేజీ మార్చాలి, రద్దీ ఎయిర్‌పోర్టుల్లో ఆగాలి, ఆలస్యాలు తప్పలేదు. 1995లో మూసేశారు. కాపీ కొట్టేముందు, వాళ్లు ఏమేం వదులుకున్నారో రాసుకుని, అవి మీరు వదులుకోగలరో లేదో చూడండి. ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు, ఆగిపోవడమే మంచిది కూడా.

ప్రశ్న: పుస్తకాలు కాకుండా ఇంకేం చదవాలి?

జవాబు: కంపెనీ షేర్ మార్కెట్‌కి వచ్చేటప్పుడు తన గురించి చెబుతూ ఇచ్చే ప్రాస్పెక్టస్ అనే పత్రం. అది రాసే రోజుకి తర్వాత ఏం జరుగుతుందో వాళ్లకి తెలియదు, మనకి కావాల్సింది అదే. 1997లో అమెజాన్ ఇచ్చినది తీసి చూడండి, నష్టాలు వస్తాయని, ఇంకా పెరుగుతాయని వాళ్లే రాశారు. దాని పక్కనే ఓడిపోయినవాళ్లది ఒకటి పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మిన వెబ్‌వ్యాన్ 1999లో మార్కెట్‌కి వచ్చింది, నష్టాలుంటాయని అదీ చెప్పింది. ఆ డబ్బు దేనికి పోతోందో పోల్చండి. అమెజాన్ మొదట్లో ఎక్కువ పుస్తకాలని హోల్‌సేల్ వాళ్ల దగ్గర ఆర్డర్‌ని బట్టి తెప్పించుకుని పంపేది. వెబ్‌వ్యాన్ మొదటి ఊళ్లో అమ్మకాలు మొదలుపెట్టిన కొద్ది వారాలకే 26 భారీ గోదాముల కోసం 100 కోట్ల డాలర్ల కాంట్రాక్టు మీద సంతకం పెట్టింది. 2001 జులైలో మూతపడింది.