పాత ఇంట్లో కార్పెట్ తీసేసి ఏం వేయించాలి? టైల్సా, బండలా, ఎస్పీసీనా?

మీరు అడిగింది ఇదీ: నల్గొండలో పాత ఇల్లు, గ్రౌండ్ ఫ్లోర్. కింద షాబాద్ బండలు, వాటి మీద గమ్ముతో అతికించిన కార్పెట్. వానాకాలం ముక్కవాసన వస్తున్నది, దుమ్ము పోతలేదు. ఇంట్లో పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నరు. రోజూ తడిబట్ట పెట్టుకోవచ్చు, మళ్లీ మళ్లీ చూసుకునే పని ఉండొద్దు, అలాంటిది ఏం వేయించాలి? టైల్సా, బండలా, ఎస్పీసీనా (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన పలకలు)?

షోరూంకు పోయే ముందు కార్పెట్ మూల లేపి కింద చూడండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతది. మన దిక్కు పాత ఇండ్లల్ల బేస్‌మెంట్‌లో మొరం నింపి, ఇసుక పోసి, మీద బండలు పరిచేవారు. చెమ్మ ఆపే పొర ఏదీ వేయలేదు. భూమిలోంచి వచ్చే చెమ్మ బండల సందుల్లోంచి ఎక్కి గాలికి ఆరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. మీద ప్లాస్టిక్ అడుగున్న కార్పెట్ పడగానే ఆ దారి మూసుకుపోయింది. మీకు వచ్చే వాసన అదే. కారణం తెలుసుకోకుండా ఇంకో రకం షీటు పరిస్తే వచ్చే వానాకాలానికి మళ్లీ అదే వాసన.

పరీక్ష సులువు. కార్పెట్ లేపినంక రెండు రోజులు ఫ్యాను వేసి ఆరనివ్వండి. మందం పాలిథిన్ కవరును 2 అడుగుల చదరం ముక్కలుగా కోసి, నాలుగు అంచులు గాలి దూరకుండా టేపుతో బండకు అతికించండి. బయటి గోడ పక్కన ఒకటి, అర్ర నడుమ ఒకటి, బాత్రూం గోడకు ఆనించి ఒకటి. రెండు రోజులకు కవరు లోపల నీటి బొట్లు కనబడినా, కింద బండ రంగు ముదిరినా చెమ్మ ఉన్నట్టే. మే నెలలో చేస్తే ఏమీ తేలదు, రెండు మూడు మంచి వానలు పడ్డాక చేయాలి. ఒక్క బాత్రూం గోడ దగ్గరే తడి వస్తే అనుమానం భూమి మీద కాదు, పైపు మీదో నహానీ ట్రాప్ (బాత్రూం నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) మీదో పడాలి. ముందు అది బాగు చేయించండి.

అర్ర నడుమ కూడా చెమ్మ ఉంటే పాత బండల మీద ఏదీ వేయొద్దు. బండలు లేపి, వదులు మట్టి తీసి, మొరం నింపి నీళ్లు కొట్టి దిమ్మిస వేయించాలి. దాని మీద 250 మైక్రాన్ల పాలిథిన్ షీటు, అతుకు దగ్గర అర అడుగు ఒకదాని మీద ఒకటి వచ్చేలా పరిచి, అంచులు గోడ మీదికి నాలుగు అంగుళాలు మడవాలి. ఆపైన 4 అంగుళాల కాంక్రీటు బెడ్డు, 1:4:8 పాళ్లు (సిమెంటు, ఇసుక, కంకర), వారం రోజులు నీళ్లు పట్టాలి. దిమ్మిస దగ్గర బద్ధకించిన ఇంట్లోనే తర్వాత ఫ్లోరు మూలకు కుంగుతది, టైల్స్ నడిమిట్ల చీలుతయి. ఇది ఖర్చు, దుమ్ము, ఇల్లు ఖాళీ చేసే పని. కానీ గ్రౌండ్ ఫ్లోరుకు వేరే అడ్డదారి లేదు.

చెమ్మ లేదని తేలితే అందరూ మర్చిపోయే దారి ఒకటుంది. ఉన్న బండలనే పాలిష్ పట్టించడం. గమ్మును పట్టీతో గీకాలి, రానిచోట హీట్ గన్‌తో మెత్తబరిచి గీకాలి. థిన్నర్ వాడితే కిటికీలు తెరిచి, పొయ్యి, దీపం ఆర్పేసి వాడాలి. తర్వాత వదులు బండలు మళ్లీ సిమెంటుతో కూర్చోబెట్టి, సందులు నింపి, పాలిష్ మిషన్‌తో మోటు రాయి నుంచి నున్న రాయి దాకా పట్టిస్తే ఫ్లోరు కొత్తగా వస్తది. ఎత్తు పెరగదు, తలుపులు కోయక్కర్లేదు. ఎండాకాలం కింద పడుకునే అలవాటున్న ఇంటికి బండ చల్లదనం ఎట్లాగూ తెలిసిందే. ఒకటే బలహీనత: షాబాద్ గానీ తాండూరు గానీ సున్నపురాయి. మఠంపల్లి, వాడపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు పొడి చేసి కాల్చి వాడే జాతే. నిమ్మరసం, చింతపండు పులుసు, బాత్రూం యాసిడ్ పడితే పులుపు రాయిని తినేస్తది, మెరుపు పోయి మచ్చ నిలుస్తది. అందుకని హాలుకు, పడక అర్రలకు బండ మంచిది, వంటింటికి కాదు. గమ్ము మరకలు పోవాలని యాసిడ్ పోసే మేస్త్రిని అక్కడే ఆపండి.

కొత్తగా వేయించాలనుకుంటే విట్రిఫైడ్ టైల్, అంటే ఎక్కువ వేడిలో గాజులా గట్టిపడేలా కాల్చిన టైల్. నీళ్లు దాదాపు పీల్చదు, మరక లోపలికి దిగదు. రకాల్లో తేడా తెలిసి కొనాలి. డబుల్ ఛార్జ్ అంటే పై రంగు పొర 3 నుంచి 4 ఎంఎం మందం ఉంటది, గీత పడినా కింద అదే రంగు. జీవీటీ (గ్లేజ్డ్ విట్రిఫైడ్), పీజీవీటీ (పాలిష్ పట్టిన గ్లేజ్డ్ విట్రిఫైడ్) అంటే మీద ప్రింటు, దాని మీద గాజు పొర. డిజైన్లు చూడముచ్చటగా ఉంటయి గానీ అద్దంలా మెరిసే పీజీవీటీ మన దుమ్ముకు పనికిరాదు. పాలమూరు, నల్గొండ దుమ్ములో ఉండేది ఇసుకరేణువు, అది ఆ గాజు పొర కంటే గట్టిది. చెప్పుల కింద పడి రోజూ నలిగితే గుమ్మం దగ్గర రెండేళ్లలో బాట కనబడుతది. పెద్దవాళ్లున్న ఇంట్లో తడిమీద జారుడు సంగతి వేరే చెప్పాలా? నా మాట: హాలుకు, అర్రలకు సాటిన్ (సన్న మెరుపు) లేదా నున్నని మ్యాట్ (మెరుపు లేని) ఫినిష్, లేత బూడిద లేదా మట్టి రంగు. వంటింటికి, కూలర్ పెట్టే చోటుకు, వరండాకు కాస్త గరుకు మ్యాట్, జారుడు రేటింగ్ ఆర్10 అని రాసి ఉన్నది. మరీ గరుకైతే పసుపు, కుంకుమ, దీపం నూనె ఆ గుంటల్లో కూర్చుంటయి, పూజ దగ్గర అది వద్దు. కొబ్బరికాయ కొట్టే చోట, రోకలి వాడే చోట టైల్ బదులు ఒక గ్రానైట్ ముక్క వేయించుకోండి.

షాపులో టైల్ మీద పర్మనెంట్ మార్కర్‌తో గీత గీసి, ఐదు నిమిషాలాగి స్పిరిట్ తడిపిన బట్టతో తుడిచి చూడండి. నీడలా మిగిలితే పై పొరకు సన్న రంధ్రాలున్నట్టు.

లెక్క ఒకసారి చూద్దాం. 12 × 14 అడుగుల అర్ర అంటే 168 చదరపు అడుగులు. కోతకు 8 నుంచి 10 శాతం కలిపితే సుమారు 183. 2 × 2 అడుగుల టైల్ నిజానికి 600 ఎంఎం, పెట్టెలో 4 వస్తే 15.5 చదరపు అడుగులు. అంటే 12 పెట్టెలు. 4 అంగుళాల స్కర్టింగ్‌కు (గోడ అడుగున వేసే టైల్ పట్టీ) తలుపు పోను 49 రన్నింగ్ ఫీట్లు. ఒక టైల్ కోస్తే సుమారు 10 ఫీట్లు వస్తది, కాబట్టి 5 టైల్స్. మొత్తం 14 పెట్టెలు, దాచుకోవడానికి ఇంకొకటి. ఆ ఒక్కటీ తప్పకుండా కొనండి. నాలుగేళ్ల తర్వాత అదే షేడ్ దొరకదు.

ఇక వేసే పద్ధతి. టైల్ ఎంత మంచిదైనా పాడయ్యేది ఇక్కడే. చెమ్మ లేని గట్టి పాత బండల మీద నేరుగా వేయొచ్చు, కానీ సిమెంటు పాలతో కాదు. విట్రిఫైడ్ నీళ్లు పీల్చదు కాబట్టి సిమెంటు దాన్ని సరిగా పట్టుకోదు, కొన్నాళ్లకు డొల్లగా మోగుతది. టైల్ అడ్హెసివ్ (నీళ్లు కలిపి టైల్ అతికించే పొడి) వాడాలి. సంచి మీద ఐఎస్ 15477 (టైల్ అడ్హెసివ్‌కు భారత ప్రమాణం నంబరు) అని ఉండాలి, విట్రిఫైడ్‌కు టైప్ 2, నున్నని బండ మీదికి టైప్ 3 అడగండి. 20 కిలోల సంచి 3 ఎంఎం మందానికి 50 చదరపు అడుగుల పైచిలుకు వస్తది, పైన లెక్కేసిన అర్రకు 4 సంచులు, బండలు ఎగుడుదిగుడుంటే 5. ముందు సుత్తితో ప్రతి బండా తట్టి వదులువి సరిచేయించాలి. పాలిష్ మీద ఉలితో గాట్లు పెట్టించి, సబ్బునీళ్లతో నూనె జిడ్డు కడిగించాలి.

టైల్ వెనుక తెల్లపొడి ఉంటది, దాన్ని తడిగుడ్డతో తుడవకపోతే అడ్హెసివ్ ఆ పొడికి అంటుకుంటది, టైల్‌కు కాదు. పళ్లున్న తాపీతో అడ్హెసివ్‌ను ఒకే దిక్కుకు గీతలుగా పరవాలి. ఐదు ముద్దలు పెట్టి టైల్ నొక్కేసే పద్ధతిని ఒప్పుకోవద్దు. ముద్దల నడుమ ఖాళీ మీద గిన్నె పడితే మూల పగులుతది. మన ఎండలకు అడ్హెసివ్ మీద తొందరగా తోలు కడుతది. ఒకసారికి రెండు మూడు టైల్స్‌కు సరిపడానే పరవాలి. వేలికి అంటకపోతే గీకిపడేయాలి, నీళ్లు చల్లి మళ్లీ వాడొద్దు. నడుమ నడుమ ఒక టైల్ లేపించి వెనుక నిండుగా అంటిందో లేదో చూడండి. మేస్త్రి మొహం మాడ్చుకున్నా సరే.

సందు 2 ఎంఎం స్పేసర్లతో ఉంచాలి. సందు లేకుండా వేస్తే ఎండకు ఉబ్బి గుడారంలా లేస్తయి. గోడ పక్కన 6 నుంచి 8 ఎంఎం వదలాలి, స్కర్టింగ్ కింద కనబడదు. వంటింట్లో, పూజ దగ్గర ఎపాక్సీ గ్రౌట్ (సందుల్లో నింపే, నీళ్లు పీల్చని రెజిన్ ముద్ద), మిగతా చోట్ల మామూలు సిమెంటు గ్రౌట్ చాలు. 4 × 2 టైల్స్ వేస్తే ఇటుకల్లాగ సగానికి సగం జరిపి వేయొద్దు, పొడుగు టైల్ నడుమ కొంచెం వంపు ఉంటది, అంచులు కాలికి తగులుతయి.

ఎత్తు సుమారు అరంగుళం పెరుగుతది. తలుపుల అడుగు కోయించే పని, గడప ఎంత మునుగుతదో, బాత్రూం నీళ్లు అర్రలోకి రాకుండా దాని ఫ్లోరు ఎంత దిగువన ఉంటదో మొదలుపెట్టే ముందే లెవల్ పైపుతో కొలిపించండి.

ఎస్పీసీ గురించి అడిగారు. నీళ్లకు చెడదు, ఒక్కరోజులో పని అయితది, టైల్ కంటే కాలికి కాస్త మెత్తగా ఉంటది. మేడమీది గదికి, పగలగొట్టే వీలులేని అద్దె ఇంటికి సరే. పై పొర 0.5 ఎంఎం ఉన్నది కొనండి. గ్రౌండ్ ఫ్లోర్లో చెమ్మ ఉంటే కార్పెట్ లాగే కింద బూజు పెంచుతది, పడమటి కిటికీ ఎండ పడే చోట సాగి అతుకులు లేస్తయి. చెక్కపొడితో చేసిన లామినేట్ అయితే అసలు వద్దు, తడిబట్టకు ఉబ్బుతది, చెదలు పడితే ఇక అంతే సంగతులు.

తుడిచేటప్పుడు ఫినాయిల్, సబ్బు ఎక్కువైతే అదే పొరగా పేరుకుంటది, మసక వస్తది. బోరునీళ్లలో ఉప్పులెక్కువున్న చోట చివరికోసారి పొడిబట్ట తిప్పాలి, లేకుంటే ముదురు రంగు టైల్స్ మీద తెల్ల చారలు నిలుస్తయి. సరుకు దిగేటప్పుడు ప్రతి పెట్టె మీద బ్యాచ్, షేడ్ నంబర్లు ఒకటేనా చూసి, బిల్లు మీద రాయించుకున్నాకే లారీని పంపండి.